రోజూ వచ్చి రోజూ పోయేవాటితో మొదలుపెట్టండి

నెలసరి తప్పినా, పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండకపోయినా, స్కానింగులో అండాశయాల్లో నీటి బుడగలున్నాయని తేలినా, మన ఇళ్లలో ముందు జరిగేది విచారణ. ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, అంత రాత్రిదాకా ఎందుకు మేలుకున్నావు? ఈమధ్య ఆ ప్రశ్నల్లో ఇంకొకటి చేరింది. ప్లాస్టిక్ డబ్బాలో తింటే ఇలాగే అవుతుందని ఎవరో వీడియో పంపుతారు. అది చూసి ఒకమ్మాయి వంటింటి సామానంతా బయట పెట్టేస్తుంది. ఇంకొకమ్మాయి ఇవన్నీ ఉత్త మాటలని ఫోను పక్కన పడేస్తుంది. ఇద్దరికీ కావలసింది ఒకటే: ఏది రుజువైంది, ఏది ఇంకా అనుమానం, అందులో మన చేతిలో ఉన్నదెంత.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. మీకు అండాశయాల్లో నీటి బుడగలు కనిపించే పీసీఓఎస్ ఉన్నా, గర్భం నిలవకపోయినా, అది ఫలానా డబ్బా వల్ల, ఫలానా కప్పు వల్ల అని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేరు. వయసు, వంశం, బరువు, థైరాయిడ్, గర్భనాళాలు, భర్త వీర్యకణాల సంఖ్య, ఇన్ని కారణాలున్నాయి. రసాయనాలు ఆ వరసలో ఒకటి మాత్రమే. ఈ అధ్యాయం చదివి మీ మీద మీరు నేరం మోపుకోవద్దు. మీ మీద మోపడానికి ఎవరికీ ఆధారం లేదు.

అంత కొంచెం ఏం చేస్తుంది?

"చిటికెడంత కూడా ఉండదు కదా, దానికే ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మన రక్తంలో ఈస్ట్రోజన్‌ను కొలిచేదే పికోగ్రాముల్లో. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. చెంచాడు మజ్జిగతో గిన్నెడు పాలు తెల్లారేసరికి తోడుకున్నట్టు, ఒంట్లో హార్మోన్లు అంత కొద్దిపాటితోనే పెద్ద పనులు చేస్తాయి. కణాల్లో వాటిని అందుకునే గ్రాహకాలుంటాయి. కొన్ని రసాయనాల ఆకారం హార్మోన్లకు దగ్గరగా ఉండి, ఆ గ్రాహకాలకు అతుక్కుని ఈస్ట్రోజన్ వచ్చిందన్న భ్రమ కలిగిస్తాయి. కొన్ని అసలు హార్మోనును అతుక్కోనివ్వవు. ఇంకొన్ని హార్మోను తయారయ్యే చోటో, కాలేయంలో అది విరిగిపోయే చోటో అడ్డుపడతాయి. వీటిని ఎండోక్రైన్ డిస్రప్టర్లు అంటారు.

వీటిలో తిరుగులేకుండా రుజువైంది ఒక మందుబిళ్ల కథ. డైఎథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసింది. గర్భం నిలబడుతుందని నమ్మి 1940ల నుంచి అమెరికాలో లక్షలాది గర్భిణులకు దాన్ని రాసిచ్చారు. దానివల్ల గర్భస్రావాలు ఆగడం లేదని 1953లో షికాగోలో జరిగిన పరిశోధనలోనే తేలింది. అయినా రాయడం ఆపలేదు. 1971లో బోస్టన్‌లో ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు ఎనిమిది మంది పడుచు అమ్మాయిల గురించి రాశారు. వాళ్లకు ఆ వయసులో దాదాపు ఎన్నడూ చూడని యోని క్యాన్సర్ వచ్చింది. ఎనిమిది మందిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఆ బిళ్ల మింగినవాళ్లు. తర్వాతి ఏళ్లలో అలాంటి కూతుళ్లలో గర్భసంచి ఆకారం మారడం, పిల్లలు పుట్టకపోవడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం ఎక్కువని కూడా తేలింది.

ఈ కథలో నన్ను పట్టి ఆపేది క్యాన్సర్ ఒక్కటే కాదు, ఆ కాల వ్యవధి. బిళ్ల వేసుకున్న తల్లికి అప్పట్లో ఏ బాధా కనిపించలేదు. నష్టం పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కూతురి ఒంట్లో బయటపడింది. ఆడపిల్ల తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగానే ఆ పసి అండాశయాల్లో అరవై, డెబ్బై లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేసరికి పది, ఇరవై లక్షలకు తగ్గుతాయి. ఆ తర్వాత వాటి సంఖ్య పెరగదు. అంటే ఒక గర్భిణి విషం పీలిస్తే ఆమెతోపాటు కడుపులోని బిడ్డకూ, ఆ బిడ్డలో ఇప్పటికే ఉన్న అండాలకూ అది తగలవచ్చు. అందుకే ఎంత తగిలిందన్న దానితోపాటు ఎప్పుడు తగిలిందన్నది కూడా చూడాలి. గర్భానికి ముందు నెలలు, గర్భం, పసితనం, రజస్వల వయసు, ఈ నాలుగు సందుల్లో జాగ్రత్త ఎక్కువ పెట్టండి.

ఎలుకల బోను నుంచి మన డబ్బాల దాకా

1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ప్యాట్రీషియా హంట్ అనే జీవశాస్త్రవేత్త ప్రయోగశాలలో ఆడ ఎలుకల అండాలు ఉన్నట్టుండి పాడవసాగాయి. క్రోమోజోములు సరిగా విడిపోవడం లేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఎలుకలుండే ప్లాస్టిక్ బోన్లనూ నీళ్ల సీసాలనూ ఎవరో పొరపాటున ఘాటైన సబ్బుతో కడిగారు. ఆ ప్లాస్టిక్ దెబ్బతిని అందులోంచి బిస్ఫినాల్-ఎ, అంటే బీపీఏ, కారుతోంది. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. తర్వాత ప్రపంచమంతా "బీపీఏ ఫ్రీ" డబ్బాలు వచ్చాయి. దాని స్థానంలో బిస్ఫినాల్-ఎస్ లాంటి దాని చుట్టాలను వాడారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2018లో, అదే హంట్ ఈ కొత్తవి కూడా ఎలుకల్లో అలాంటి చెరుపే చేస్తున్నాయని రాశారు. బీపీఏ ఫ్రీ అని రాసి ఉందని రెట్టింపు ధర పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. ఆ డబ్బుతో స్టీలు డబ్బా వస్తుంది, తరతరాలు ఉంటుంది.

ఎలుకల్లో జరిగిందంతా మనుషుల్లో జరుగుతుందని కాదు. మనుషుల సంగతి ఇంకా చిక్కు. పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ల రక్తంలో బీపీఏ ఎక్కువగా ఉందని జపాన్‌లో, గ్రీసులో జరిగిన పరిశోధనలు చూపాయి. వెంటనే "ప్లాస్టిక్ వల్లే పీసీఓఎస్" అని వార్తలొచ్చాయి. కానీ పీసీఓఎస్‌లో పురుష హార్మోన్లు ఎక్కువగా ఉంటాయి. ఆ హార్మోన్లు కాలేయం బీపీఏను బయటికి పంపే వేగాన్ని తగ్గించవచ్చు. అంటే బీపీఏ వల్ల జబ్బు వచ్చి ఉండవచ్చు, జబ్బు వల్ల బీపీఏ ఒంట్లో నిలిచి ఉండవచ్చు, రెండూ కొంత కొంత జరిగి ఉండవచ్చు. ఈ ముడి ఇంకా పూర్తిగా విడలేదు. మరి మానేయడమెందుకు అంటారా? 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజుకు ఎంత బీపీఏ పరవాలేదన్న హద్దును అంతకుముందున్న దానికన్నా ఇరవై వేల రెట్లు తగ్గించింది. నిపుణులు అంతగా వెనక్కి తగ్గినచోట, ఖర్చు లేకుండా మానగలిగినది మానడం తెలివైన పని.

ఇక్కడ ఒక మంచి కబురుంది. ఈ అధ్యాయమంతా దానిమీదే నిలబడింది. బీపీఏ, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, సౌందర్య సాధనాల్లో వేసే పారాబెన్లు ఒంట్లో నిలవ ఉండవు. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. రోజూ మళ్లీ మళ్లీ లోపలికి పంపిస్తున్నాం కాబట్టే ఎప్పుడు పరీక్షించినా కనిపిస్తాయి. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఐదు కుటుంబాలకు మూడు రోజులు డబ్బా తిండి, ప్లాస్టిక్ తగలని తాజా వంట పెట్టారు. వాళ్ల మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. 2016లో కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో వంద మంది టీనేజీ అమ్మాయిలు మూడు రోజులు తమ క్రీములు, షాంపూలు మార్చి చూశారు. రెండు రకాల పారాబెన్లు 45 శాతం దాకా, క్రిములను చంపడానికి వేసే ట్రైక్లోసాన్ 36 శాతం తగ్గాయి. మూడు రోజులకే! డిటాక్స్ పొడులు, కషాయాలు కొననక్కర్లేదు. మీ కాలేయం, మూత్రపిండాలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. లోపలికి పంపడం తగ్గిస్తే చాలు.

కర్రీ పాయింటు దగ్గర

మన పట్టణాల్లో అన్నిటికన్నా ముందు మార్చవలసింది ఏదంటే, నా దృష్టిలో కర్రీ పాయింటు కవరు. పొయ్యి మీద నుంచి దించిన సాంబారు, నూనె తేలే కూర, వేడివేడిగా పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి బిగించి ఇస్తారు. వేడి, నూనె, పులుపు, ఈ మూడూ ప్లాస్టిక్‌లోని రసాయనాలను బయటికి లాగుతాయి. ఆ కవర్లో మూడూ కలిసే ఉంటాయి. ఉద్యోగం చేసి వచ్చే ఆడవాళ్లను కూర కొనవద్దనడం న్యాయం కాదు. ఇంటి నుంచి రెండు స్టీలు డబ్బాలు సంచిలో వేసుకెళ్లండి. షాపువాడికి కవరు ఖర్చు మిగులుతుంది, సంతోషంగానే పోసిస్తాడు.

ఆవకాయ కూడా అలాంటిదే. నెలల తరబడి నూనె, ఉప్పు, పులుపులో ఊరే పచ్చడిని ప్లాస్టిక్ సీసాలో పెట్టవద్దు. మన అమ్మమ్మల జాడీల నుంచి, గాజు సీసాల నుంచి అందులోకి ప్లాస్టిక్ రసాయనాలు దిగవు. మైక్రోవేవులో ప్లాస్టిక్ గిన్నె పెట్టకండి. "మైక్రోవేవ్ సేఫ్" అన్న ముద్రకు గిన్నె కరగదని అర్థం, అంతకుమించి భరోసా లేదు. టీ కొట్టు కాగితపు కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వంద మిల్లీలీటర్ల వేడి పానీయం పావుగంట ఉంటే అందులోకి పాతిక వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు రాలుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2021లో లెక్కగట్టారు. గాజు గ్లాసులో ఇవ్వమని అడగండి. చన్నీళ్లు, చల్లటి ఉప్పూపప్పూ ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయని మాత్రం నిద్ర చెడగొట్టుకోకండి.

సూపర్‌మార్కెట్లో బిల్లు కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక సూచన. వేడితో అచ్చయ్యే ఆ నున్నటి బిల్లు కాగితం మీద చాలాసార్లు బిస్ఫినాల్ పూత ఉంటుంది. చేతికి క్రీమో, శానిటైజరో రాసుకుని పట్టుకుంటే చర్మంలోకి ఇంకా ఎక్కువ దిగుతుంది. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

సువాసనల విషయం త్వరగా ముగిస్తాను. పెట్టె మీద "ఫ్రాగ్రెన్స్", "పర్ఫ్యూమ్" అని మాత్రమే రాసి ఉంటే అందులో థాలేట్లు ఉండే అవకాశముంది. సువాసన ప్యాడ్లు అక్కర్లేదు. అలాగని భయపడి సరిగా ఆరని పాత గుడ్డకు తిరిగి వెళ్లవద్దు. రాత్రంతా దోమల చక్రం వెలిగించుకుని తలుపులు మూసుకోవద్దు, ఒక్క చక్రం నుంచి వెలువడే సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లోనే కొలిచారు. దోమతెర కట్టుకోండి. పార్లరులో జుట్టు నిటారు చేయించుకోవడం ఇప్పుడు చిన్న ఊళ్లకూ వచ్చింది. అమెరికాలో 33 వేలమందికి పైగా ఆడవాళ్లను గమనించి 2022లో ప్రకటించిన పరిశోధనలో, ఆ రసాయనాలను తరచుగా వాడినవాళ్లలో గర్భసంచి క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనిపించింది. అయినా మొత్తం మీద అది అరుదైన జబ్బే. పెళ్లికి ఒకసారి చేయించుకున్నవాళ్లు బెంగపడక్కర్లేదు. రోజంతా గాలాడని గదిలో అది రాసే పార్లరు అమ్మాయి గురించే నా బెంగ.

బొట్టు, కాటుక, భస్మం

సీసం ఆడవాళ్లకు చేసే కీడు మీద అనుమానాలు లేవు. ఎక్కువ మోతాదులో అది గర్భస్రావానికి, నెలలు నిండని కాన్పుకు, బరువు తక్కువ బిడ్డకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. గర్భం వచ్చినప్పుడు బిడ్డకు కాల్షియం కోసం తల్లి ఎముక కరిగితే, ఎప్పుడో చేరిన సీసం కూడా కాల్షియంతోపాటు రక్తంలోకి దిగి మాయను దాటి బిడ్డను చేరుతుంది. గర్భిణికి సరిపడా కాల్షియం ఉండాలనడానికి ఇదొక కారణం.

పసుపు, సున్నంతో చేసే కుంకుమలో సీసం వేయరు. చవకగా దొరికే కొన్ని ఎర్ర సిందూరాల్లో రంగు కోసం సీసం కలుపుతారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోనూ, మన దేశంలోనూ కొన్న సిందూరం పొట్లాలను పరీక్షిస్తే, 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ప్రతి పదింటిలో ఎనిమిదింట్లో ఎంతో కొంత సీసం కనిపించింది. పాపిట్లో పెట్టుకున్నది చేతికంటి, ఆ చేత్తో అన్నం కలిపి బిడ్డ నోట్లో పెడతాం. సుర్మా, కొన్ని కాటుకలు కూడా అంతే. ఇంట్లో ఆముదం దీపం మసితో పట్టిన కాటుకలో సీసం లేకపోయినా, పసిపాప కంట్లో పెట్టకపోవడమే మేలు.

ఇంకా బాధ కలిగించేది మరొకటుంది. పిల్లల కోసం తపించే ఆడవాళ్లకు భస్మాల పొట్లాలు అంటగడతారు. న్యూయార్క్ నగరంలో 2011, 2012లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకరంగా పెరిగింది. ఆరుగురూ ఆయుర్వేదమని చెప్పి అమ్మిన మందులు వాడినవాళ్లే. బిడ్డ కోసం మింగినది బిడ్డకే విషమైంది. పేరు, తయారీదారు, పరీక్ష వివరాలు లేని పొట్లం ఎవరిచ్చినా మింగవద్దు, అత్తగారు తెచ్చినా సరే. ఇప్పటికే వాడి ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించండి. మూత్రంలో బీపీఏ పరీక్షకు డబ్బు పెట్టనక్కర్లేదు, ఈ పరీక్షకు పెట్టాలి.

చేలో పనిచేసే అక్కలకు

పట్నంలో డబ్బాల గురించి ఎంత మాట్లాడుకున్నా, అన్నిటికన్నా ఎక్కువ మోతాదు తగిలేది పత్తి, మిరప చేలల్లో. "మందు కొట్టేది మా ఆయనే, నేను కాదు" అని ఆడవాళ్లు అంటారు. నిజమే, పంపు భుజాన వేసుకునేది మగవాళ్లే. కానీ బిందెలతో నీళ్లు మోసేది, డ్రమ్ములో మందు కలిపేది, పంపు ఖాళీ అయినప్పుడల్లా నింపేది ఎవరు? 2003లో మన దేశంలో పత్తి పండించే మూడు గ్రామాల్లో యాభై మంది ఆడవాళ్లతో మాట్లాడి చేసిన పరిశోధన ఇదే తేల్చింది. చిక్కటి మందును కలపడం వల్ల ఆడవాళ్లకు ప్రమాదం మగవాళ్లకు తీసిపోదు. సాయంత్రం మందు తడిసిన చొక్కా ఉతికేదీ ఆమే. మర్నాడే అదే చేలో వంగి కలుపు తీసేదీ, కాయ కోసేదీ ఆమే.

డబ్బా మీద త్రికోణం రంగు చూసి చాలామంది ధైర్యపడతారు. ఎరుపు అతి ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు చెప్పేది మింగినా ఒంటికి తగిలినా ప్రాణానికి ఎంత ముప్పన్నదే. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలితే హార్మోన్లకు ఏమవుతుందో అది చెప్పదు. మాంకోజెబ్‌ను తీసుకోండి, ఎం-45 అని మనవాళ్లు పిలిచే తెగుళ్ల మందు. ప్రాణాపాయం తక్కువే. కానీ అది విరిగినప్పుడు పుట్టే పదార్థం థైరాయిడ్ పనిని అడ్డుకుంటుంది. థైరాయిడ్ మందగిస్తే నెలసరి గతి తప్పుతుంది, గర్భం నిలవడం కష్టమవుతుంది. ఐరోపా 2020లో దానికి అనుమతి పొడిగించకపోవడానికి ఇలాంటి కారణాలున్నాయి.

గర్భంతో ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా, పాలిస్తున్నా మందు కలపడం, పంపు నింపడం పూర్తిగా మానాలి. ఇది ఆడమనిషి ఒక్కతే తీసుకునే నిర్ణయం కాదు, ఇంటాయనా అత్తగారూ ఒప్పుకోవాల్సిన ఏర్పాటు. ఈ పేజీ వాళ్లకు చదివి వినిపించండి. మందు కొట్టిన చేలోకి డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా దిగకండి. కూలికి వెళ్లేవాళ్లు "నిన్న ఏమన్నా కొట్టారా?" అని మేస్త్రీని అడగండి, నలుగురు కలిసి అడిగితే జవాబొస్తుంది. మందు బట్టలు విడిగా నానబెట్టి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఇంటి బట్టలతో కలపకుండా ఉతకండి. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయవద్దు, దానికి బొక్కలు పెట్టేయండి. పడుకునే గదిలో మందు దాచవద్దు.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు, ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగుకు వెళ్లేవాళ్లకు, పొగ తాగకపోయినా నికోటిన్ ఒంట్లోకి వెళుతుంది. తంబాకు దుమ్ము పీల్చినా, చేతి చర్మం గుండా దిగినా అంతే. చాటను వసారాలో, గాలి ఆడేచోట పెట్టుకోండి. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని చుట్టకండి. గర్భంతో ఉన్నప్పుడు ఈ పని వీలైనంత తగ్గించాలి. బతుకుదెరువును ఎవరూ తేలికగా వదులుకోలేరని తెలుసు, అందుకే ఆ నెలల్లో కూలి నష్టపోకుండా సాయం అడగడం మీ హక్కు. కార్మిక సంఘంలో ఉన్నవాళ్లు ఈ మాట సమావేశంలో పెట్టండి.

అయితే అన్ని రసాయనాలూ రోజూ వచ్చి రోజూ పోయేవి కావు. డీడీటీ, నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన కొన్ని ఫ్లోరిన్ రసాయనాలు ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటాయి. మూడు రోజుల జాగ్రత్తతో పోవు. పూత లేచిన పెనం మార్చి ఇనప పెనం తెచ్చుకోండి, కానీ వీటి అసలు మందు చట్టంలోనే ఉంది. కేరళలో కాసరగోడ్ జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. ఆ ఊళ్ల జనం పోరాడగా పోరాడగా 2011 మేలో సుప్రీంకోర్టు దేశమంతటా దాన్ని ఆపింది. ఏ ఇల్లాలూ తన ఇంట్లో డబ్బాలు మార్చి ఆ హెలికాప్టర్లను ఆపగలిగేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

ఇన్ని చెప్పాక ఒక భయం నాకుంది. రసాయనాల మీద నెపం పెట్టి, డబ్బాలు మార్చి, అసలు పరీక్షలు వాయిదా వేస్తారేమోనని. మూడు నెలలు నెలసరి రాకపోయినా, గంటకో ప్యాడ్ మార్చాల్సినంత రక్తం పోతున్నా, ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోయినా (ముప్పై అయిదు దాటితే ఆరు నెలలు చాలు) ఆగవద్దు. భర్తకూ పరీక్ష చేయించాలి. "గర్భసంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అని ఎవరైనా అంటే ఇంకో డాక్టరును కలవకుండా ఒప్పుకోకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చొప్పున ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది దాకా ఉన్నారు.

వెళ్లేటప్పుడు ఒక చీటీ రాసుకెళ్లండి. చివరి ఆరు నెలల నెలసరి తేదీలు. మీరు చేసే పని, ఆయన చేసే పని. చేలో ఏ మందు, ఏ నెలలో కొట్టారు, వీలైతే డబ్బా ఫోటో. పార్లరా, రంగుల అద్దకమా, బ్యాటరీ షాపా, బీడీలా. ఆకుమందులు, భస్మాలు ఏమన్నా వాడుతున్నారా. ఇంటి పక్కన ఫ్యాక్టరీ ఉందా, తాగే నీళ్లు బోరువా, పంపువా. రద్దీలో డాక్టరు "మీరేం పని చేస్తారు?" అని అడగడం మర్చిపోతారు. చీటీ బల్ల మీద పెట్టి, "ఇది కూడా చూడండి మేడమ్" అని మీరే అనండి.